మొదటి కథల పుస్తకాన్ని పాఠకుల దాకా చేర్చడం ఎలా?

తెలుగులో కథల పుస్తకం వేయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. పది పన్నెండు కథలు చేతిలో ఉంటే డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) చేసిపెట్టేవాళ్లున్నారు, అచ్చువేసి అట్టపెట్టెల్లో కట్టి ఆటో ఎక్కించే ప్రెస్సులున్నాయి. అసలు కష్టం ఆ పెట్టెలు ఇంట్లో దిగాక మొదలవుతుంది. బంధువులకు కొన్ని, ఆఫీసులో కొన్ని, సభలో కొన్ని పోతాయి. మిగతావి మంచం కిందికి చేరతాయి. రచయితేమో తెలుగువాళ్లు పుస్తకాలు చదవరని తీర్మానించుకుంటాడు.

చదివేవాళ్లున్నారు. అయితే మీరెవరో వాళ్లకు తెలియదు, వాళ్లెక్కడున్నారో మీకు తెలియదు. ఈ ముడి విప్పే పని పుస్తకం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కనీసం ఏడాది ముందు మొదలుపెట్టాలి. సొంత ఖర్చుతో గానీ, చిన్న ప్రచురణకర్త ద్వారా గానీ మొదటి కథల సంపుటి తెస్తున్నవాళ్ల కోసం ఆ పనులన్నీ వరసగా చెబుతాను. కవిత్వానికి, నవలకు కూడా చాలావరకు ఇవే పనికొస్తాయి.

1. ముందు కథల్ని బయటికి పంపండి

పన్నెండు కథల సంపుటిలో కనీసం ఆరేడు అంతకుముందే ఎక్కడో అచ్చయి ఉండాలి. దినపత్రికల ఆదివారం అనుబంధాలు, మిగిలిన వార, మాస పత్రికలు, నెట్‌లో ఈమాట, సారంగ లాంటి పత్రికలు మీ మొదటి పాఠకుల్ని తెచ్చిపెడతాయి. 1998 నుంచి వస్తున్న ఈమాటలో వచ్చిన కథ ఏళ్ల తర్వాత కూడా వెతికితే దొరుకుతుంది. ఆదివారం అనుబంధంలో వచ్చిన కథ సోమవారానికి పాతదైపోతుంది. కానీ ఆ ఒక్కరోజులో నెట్ జోలికే రాని పాఠకుడు, ఏ నర్సంపేటలోనో ఏ పలాసలోనో టీ తాగుతూ మీ పేరు చదువుతాడు. కాబట్టి రెండు రకాల పత్రికలూ కావాలి.

పంపేటప్పుడు పద్ధతి పాటించండి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు. కథ సొంతమని, అనువాదం గానీ అనుసరణ గానీ కాదని, వేరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయండి. పదాల పరిమితి ఎంతో ముందే చూసుకోండి. మూడు వేల పదాల కథ పంపి, సగానికి కోసి వేశారని తర్వాత బాధపడి లాభం లేదు. ఏ కథ ఎప్పుడు ఎవరికి పంపారో, ఏమైందో ఒక పట్టికలో రాసుకోండి. అచ్చయిన పేజీని తేదీ కనిపించేలా స్కాన్ చేసి దాచండి. రేపు సంపుటిలో ప్రతి కథ కింద 'ఫలానా పత్రిక, ఫలానా తేదీ' అని వేయాల్సి వచ్చినప్పుడు చాలామంది తలపట్టుకునేది ఇక్కడే.

కథ కింద ఫోన్ నంబరు వేస్తామని పత్రిక అంటే వద్దనకండి. ఆడవాళ్లకు దీనితో వచ్చే చికాకులు నాకు తెలుసు. వాళ్లు నంబరు బదులు మెయిల్ ఐడీ ఇవ్వొచ్చు, లేదా ఇలాంటి పనులకే ఒక వేరే సిమ్ పెట్టుకోవచ్చు. ఏదో ఒక దారి మాత్రం తెరిచి ఉంచండి. కథ నచ్చి ఫోన్ చేసే మనిషికి మించిన పాఠకుడు మీకు ఏ ప్రకటన వల్లా దొరకడు.

2. పేరు ఒక్కటే, పరిచయం మూడు రకాలు

మన పేర్లతో ఒక చిక్కుంది. వెంకటేశ్వర్లు, శ్రీనివాస్, లక్ష్మి అనే పేర్లతో రాసేవాళ్లు ఎంతమందో. నెట్‌లో వెతికితే మీకంటే ముందు ఇంకెవరో వస్తారు. ఇంటిపేరు పూర్తిగా పెట్టుకోండి, లేదా ఊరి పేరు చేర్చుకోండి. ఒకసారి నిర్ణయించుకున్నాక మార్చొద్దు. ఒక కథకు ఇనీషియల్‌తో, ఇంకో కథకు ఇంటిపేరుతో, ఫేస్‌బుక్‌లో ముద్దుపేరుతో ఉంటే ఆ ముగ్గురూ ఒక్కరేనని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లిషు అక్షరాల్లో రాసే స్పెల్లింగ్ కూడా ఒక్కటే ఉండాలి.

పరిచయం మూడు కొలతల్లో రాసి ఉంచుకోండి: రెండు వాక్యాలది, ఒక పేరాది, ఒక పేజీది. అడిగినప్పుడు అప్పటికప్పుడు రాస్తే 'చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే మక్కువ' అనే వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. దాని బదులు మీరెక్కడివాళ్లు, ఏం పని చేస్తారు, మీ కథలు ఎవరి గురించి అన్నది చెప్పండి. 'బీడీ కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్ల కథలు రాస్తారు' అంటే ఒక పాఠకుడు తల తిప్పి చూస్తాడు. 'సామాజిక స్పృహ కలిగిన రచయిత' అంటే ఎవరూ చూడరు. వెలుతురులో తీసిన ఒక మంచి ఫోటో, పెద్ద సైజు ఫైలు కూడా దగ్గర ఉంచుకోండి. పెళ్లి ఆల్బమ్‌లోంచి కత్తిరించింది వద్దు.

3. పాఠకుల పుస్తకం పెట్టండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి. రెండు వందల పేజీల నోటుబుక్కు గానీ, ఫోన్‌లో ఒక షీటు గానీ తీసుకోండి. మీ కథ చదివి ఫోన్ చేసిన, ఉత్తరం రాసిన, కామెంట్ పెట్టిన, సభలో పలకరించిన ప్రతి మనిషినీ అందులో రాయండి. పేరు, ఊరు, ఫోన్, ఎలా పరిచయం, ఏ కథ నచ్చింది. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. పుస్తకం వచ్చినప్పుడు పంపే మెసేజ్ అక్కడి నుంచే పుడుతుంది.

'నమస్తే సార్. పోయిన ఏడాది మా చెరువు కథ చదివి సిద్దిపేట నుంచి ఫోన్ చేశారు మీరు. ఆ కథ ఉన్న పుస్తకం వచ్చే నెల వస్తోంది. మీకు చెప్పాలనిపించింది.' ఇంతే. కొనమని అడగక్కర్లేదు. ఇలాంటి మెసేజ్‌కు జవాబివ్వని మనిషి అరుదు. అదే కవర్ బొమ్మ పెట్టి 'మిత్రులందరికీ విజ్ఞప్తి' అని ముప్ఫై గ్రూపుల్లో పడేస్తే చప్పట్లు, దండాల ఎమోజీలు వస్తాయి, ఆర్డర్లు రావు.

వాట్సాప్‌లో గ్రూపు పెట్టడం కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. ఎవరి నంబరూ ఇంకొకరికి కనిపించదు, శుభోదయాల గోల ఉండదు. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే మొదటిసారి మాట్లాడినప్పుడే 'నా నంబరు సేవ్ చేసుకోండి అన్నా, కొత్త కథ వస్తే పంపుతాను' అని అడగండి. ఒప్పుకున్నవాళ్లనే చేర్చండి. నెలకు ఒకటి రెండు మెసేజ్‌లు దాటొద్దు.

4. ఫేస్‌బుక్‌లో ఏం రాయాలి

సాహిత్యం చదివే తెలుగువాళ్లు ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ. కాస్త చిన్న వయసువాళ్లు ఇన్‌స్టాలో ఉన్నారు, వాళ్లు పుస్తకాల గురించి రీల్స్ కూడా చేస్తున్నారు. రెండిట్లోనూ రోజూ ఉండాల్సిన పనిలేదు. మీకు తేలికగా ఉన్నది ఒకటి ఎంచుకోండి.

అక్కడ మీ గురించి రాయొద్దు, మీ కథల్లో ఉన్న లోకం గురించి రాయండి. మీ కథలు చేనేతవాళ్ల మీదైతే మగ్గం గుంట గురించి, ఆసు పోయడం గురించి, పోచంపల్లి నుంచి సూరత్ వెళ్లినవాళ్ల గురించి వారానికి ఒక పోస్టు రాయొచ్చు. మీరు పుట్టిన ఊరి యాసలో ఒక సామెత, దాని వెనకున్న సంగతి రాయొచ్చు. మీకు నచ్చిన వేరేవాళ్ల పుస్తకం గురించి మనస్ఫూర్తిగా రాయొచ్చు, ఇది చాలామంది చేయరు. ఏడాదిపాటు ఇతరుల పుస్తకాల గురించి రాసినవాడు ఒకరోజు తన పుస్తకం గురించి చెబితే జనం వింటారు. ఏడాదంతా తన సన్మానాల ఫోటోలే పెట్టినవాడు చెబితే వేలితో పైకి తోసేస్తారు.

గొడవల సంగతి కూడా చెప్పాలి. తెలుగు సాహిత్యంలో వారానికో వాగ్వాదం నడుస్తుంది. మీరు నిజంగా నమ్మిన విషయమైతే మాట్లాడండి. పేరు నలుగురికీ తెలుస్తుందని మాత్రం అందులోకి దిగొద్దు. ఆ గొడవ చూసినవాళ్లకు మీ కోపం గుర్తుంటుంది, కథ గుర్తుండదు.

5. పుస్తకంలోనే ఉన్న ప్రచారం

అచ్చుకు వెళ్లేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. శీర్షిక ఫోన్‌లో చెబితే అవతలివాళ్లకు ఒక్కసారికే అర్థమవ్వాలి. అదే పేరుతో ఇంకో పుస్తకం ఉందేమో వెతకండి. వెనక అట్ట మీద పెద్దల ప్రశంసల బదులు ఏదైనా కథ నుంచి ఆరేడు వాక్యాలు వేయండి, షాపులో పుస్తకం తిప్పి చూసేవాడికి మీ వాక్యం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ముందుమాట ఒకటి చాలు. మూడు ముందుమాటలు, ఒక ఆశీర్వచనం, ఒక అభినందన దాటుకుని మొదటి కథకు చేరేసరికి ఇరవై పేజీలు గడిచిపోతే పాఠకుడికి ఓపిక ఎక్కడిది? పైగా ఆ పేజీలకు కూడా ప్రింటు ఖర్చు మీదే.

ఐఎస్‌బీఎన్ నంబరు, అంటే ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తుపట్టే నంబరు, తీసుకోండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది. ఆన్‌లైన్‌లో రచయిత పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. అనుమతి రావడానికి సమయం పట్టొచ్చు కాబట్టి ప్రింటుకు ఒకటి రెండు నెలల ముందే పెట్టండి. పెద్ద షాపులకు, ఆన్‌లైన్ అమ్మకానికి, లైబ్రరీల కొనుగోలుకు ఈ నంబరు అడుగుతారు.

ప్రచురణ వివరాలు వేసే ఇంప్రింట్ పేజీలో 'ప్రతులకు' అనే చోటు ఉంటుంది. చాలా పుస్తకాల్లో అక్కడ ఎప్పుడో మారిపోయిన ల్యాండ్‌లైన్ నంబరు కనిపిస్తుంది. మీరు పదేళ్లు మార్చని ఫోన్ నంబరు, ఒక మెయిల్, దొరికే షాపు పేరు వేయండి. ఇదే సమాచారం పుస్తకం చివరి పేజీలో కూడా, 'ఈ కథలు చదివాక మీకేమనిపించిందో నాకు చెప్పండి' అని ఒక వాక్యంతో వేయండి. కథ నచ్చిన మనిషి అప్పుడు ఉన్నది చివరి పేజీ దగ్గరే, ఇంప్రింట్ పేజీ దగ్గర కాదు. ప్రచురణకర్త పేరు, ప్రెస్సు పేరు కచ్చితంగా ఉండాలి. పోస్టులో పంపేటప్పుడు దీని అవసరం వస్తుంది, కింద చెబుతాను.

ఫాంట్ల విషయం ఒక్క మాట. మీరు యూనికోడ్‌లో (ఫోన్‌లో, నెట్‌లో వాడే తెలుగు అక్షరాల్లో) టైపు చేసిన కథను డీటీపీ వాళ్లు అచ్చుపనికి వాడే అను ఫాంట్‌లోకి మారిస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని అక్షరాలు మారిపోతాయి. మీ ఫైల్లో సరిగ్గానే ఉందని ఊరుకోవద్దు. మార్చిన తర్వాత వచ్చిన కాగితం ప్రూఫును మొదటి నుంచి చివరిదాకా చదవండి, ఆ తర్వాత ఇంకొకరి చేత చదివించండి.

6. ఎన్ని కాపీలు, ఎంత వెల

కథల పుస్తకాలకు మామూలుగా వాడే డెమ్మీ 1/8 సైజులో ఒక ఫారం (అచ్చువేసి మడిచే ఒక పెద్ద కాగితం) అంటే 16 పేజీలు. 144 పేజీల పుస్తకం తొమ్మిది ఫారాలు. పేజీల సంఖ్య 16 గుణింతంలో ఉండేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. కాగితం, అట్ట, బైండింగు ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. కాబట్టి కనీసం మూడు ప్రెస్సుల్లో కొటేషన్ అడగండి.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. ఐదు వందల కాపీలకు అన్నీ కలిపి ఒక్కోదానికి 70 రూపాయలు పడిందనుకోండి. మొత్తం 35,000. వెల 180 పెట్టారు. షాపు 40 శాతం కమీషన్ తీసుకుంటే మీ చేతికి వచ్చేది 108. ఈ దారిన పెట్టుబడి తిరిగి రావాలంటే 325 కాపీలు అమ్ముడుపోవాలి. అదే పోస్టు ఖర్చు పాఠకుడే పెట్టుకుని మీ దగ్గర నేరుగా కొంటే 195 కాపీలకే వచ్చేస్తుంది. పాఠకుల పుస్తకం పెట్టమని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. ఆ నోటుబుక్కులో రెండు వందల పేర్లుంటే మీరు సగం గట్టెక్కినట్టే.

పేర్లు అన్ని లేకపోతే ఐదు వందలు వేయొద్దు. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద, నూట యాభై కాపీలు కూడా వేసిస్తారు. ఒక్కో కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ మంచం కింద ఏమీ మిగలదు. వెయ్యి వేస్తే రేటు తగ్గుతుందని ప్రెస్సు వాళ్లు చెప్పేది నిజమే. కాకపోతే ఆ మాట చెప్పేవాడికి అమ్మే బాధ్యత లేదు.

7. అచ్చుకు ముందే ఆర్డర్లు

పుస్తకం రావడానికి మూడు నాలుగు వారాల ముందు కవర్ చూపించి ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. ఇందుకు ప్రత్యేకంగా వెబ్‌సైట్ అక్కర్లేదు. ఫోన్‌పేనో గూగుల్‌పేనో నంబరు ఒకటి, పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్ రాయడానికి ఒక గూగుల్ ఫారం చాలు. ముందుగా ఆర్డరిచ్చినవాళ్లకు సంతకంతో పంపండి, పోస్టు ఖర్చు మీరు భరించండి. తగ్గింపు మాత్రం యాభై శాతం లాంటివి ఇవ్వొద్దు. రేపు షాపులో పూర్తి వెలకు కొన్నవాడు మోసపోయాననుకుంటాడు.

పంపడానికి తపాలా శాఖ 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలో వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రింటర్ పేరో ఉండాలన్నది దీని షరతు. కొత్త పథకం కావడంతో చిన్న పోస్టాఫీసు కౌంటర్‌లో ఒకసారి నచ్చజెప్పాల్సి రావొచ్చు. రద్దీ తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ వెళ్లండి. పార్సిల్ మీద ఫోన్ నంబరు తప్పనిసరిగా రాయండి. ట్రాకింగ్ నంబరు పాఠకుడికి వాట్సాప్ చేయండి. వారం తర్వాత 'అందిందా అండీ?' అని అడిగితే సగం మంది పుస్తకం ఫోటో తీసి వాళ్లే పోస్టు పెడతారు.

8. ఉచితంగా ఎవరికి ఇవ్వాలి

పుస్తకం వచ్చిందనగానే 'నాకొకటి పంపు' అనేవాళ్లు చాలామంది. వీళ్లలో చదివేవాళ్లు తక్కువ. 'తప్పకుండా అక్కా, వెల నూట ఎనభై, నంబరు పంపుతున్నా' అనడం అలవాటు చేసుకోండి. మొదటి రెండుసార్లు నోరు రాదు, తర్వాత అలవాటైపోతుంది.

కచ్చితంగా ఇవ్వాల్సినవాళ్ల జాబితా వేరే. చట్టం ప్రకారం ప్రచురణకర్త ముప్ఫై రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం ఇది. మన చిన్న ప్రచురణకర్తల్లో పాటించేవాళ్లు కొద్దిమందే. కానీ యాభై ఏళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడు వెతికితే మీ పుస్తకం దొరికేది అక్కడే. కథల పుస్తకమైతే శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయానికి పంపకుండా ఉండకూడదు. తెలుగు కథను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మొదట అడుగుపెట్టేది ఆ గుమ్మంలోనే.

ఆ తర్వాత సమీక్షకులు. పత్రికల సాహిత్య పేజీలకు రెండేసి కాపీలు అడుగుతారు, పంపండి. అందిన పుస్తకాల పేర్లు వేసే 'స్వీకారం'లో ఒక వాక్యం వచ్చి ఊరుకునే అవకాశమే ఎక్కువ, అయినా ఆ వాక్యానికీ విలువుంది. వీళ్లకంటే ముఖ్యులు మీ కథల విషయం తెలిసి, దాని గురించి రాయగలిగిన పదిహేను ఇరవై మంది. గల్ఫ్ వలస మీద కథలు రాస్తే ఆ వలస మీద పనిచేసిన విలేకరి, కరీంనగర్ వైపు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే లెక్చరర్, దుబాయ్‌లో తెలుగు సంఘం నడిపే మనిషి. ఒక్కొక్కరికీ చేత్తో నాలుగు లైన్ల ఉత్తరం రాసి, ఫలానా కథ మీరు చదివితే బాగుంటుందని పేజీ నంబరుతో సహా చెప్పి పంపండి. మొత్తం పుస్తకం చదవమంటే ఎవరైనా పక్కన పెడతారు, ఒక్క కథంటే చదువుతారు. నెల తర్వాత ఒక్కసారి ఫోన్ చేయండి. రెండోసారి చేయొద్దు.

వయసు 35 లోపు ఉంటే సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి ప్రకటన వెలువడినప్పుడు పుస్తకం పంపండి. మిగతా అవార్డుల విషయంలో ఒక్కటే జాగ్రత్త. ఎంట్రీ ఫీజు అడిగితే, శాలువా ఖర్చు మీదేనంటే, అది అవార్డు కాదు, వ్యాపారం.

9. ఆవిష్కరణ సభ

మన దగ్గర పుస్తకం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, టిఫిన్లు, వేదిక మీద తొమ్మిది మంది, కింద ఇరవై మంది. ఈ ఖర్చుతో ఇంకో వంద కాపీలు అచ్చువేయొచ్చు. సభ వద్దనడం లేదు. అమ్మకం జరిగేలా పెట్టుకోమంటున్నాను.

హైదరాబాద్‌లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట్ల చిన్న హాళ్లు కూడా ఉంటాయి. మీ ఊళ్లో అయితే శాఖా గ్రంథాలయం, స్కూలు హాలు చాలు. వేదిక మీద నలుగురికి మించొద్దు. వాళ్లలో ఒకరైనా పుస్తకం ముందే చదివిన మామూలు పాఠకుడు కావాలి. మీ కథలోని మనుషుల్లాంటి మనిషి, ఆటో డ్రైవరో అంగన్‌వాడీ టీచరో, వచ్చి రెండు మాటలు మాట్లాడితే ముఖ్య అతిథి అరగంట ప్రసంగం కంటే బాగుంటుంది. ఒక కథలో రెండు పేజీలు మీరే చదవండి. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద పుస్తకాలు, క్యూఆర్ కోడ్, చిల్లర, అక్కడ కూర్చోవడానికి మొహమాటం లేని ఒక మనిషి ఉండాలి. సభలో పుస్తకాలు ఉచితంగా పంచొద్దు. ఒక్కసారి ఊరికే ఇవ్వడం మొదలైతే ఆ బల్ల దగ్గరికి ఎవరూ రారు.

సభ కంటే నాకు నచ్చేవి తర్వాత జరిగే చిన్న చిన్న పరిచయాలు. కాలేజీ తెలుగు విభాగంలో ఒక పీరియడ్, ఎవరింట్లోనో పదిమందితో ఆదివారం సాయంత్రం, పార్కులో పుస్తకాలు చదువుకునే బృందం. ఇరవై మంది వచ్చి పదిహేను కాపీలు కొనే చోట్లు ఇవి.

10. షాపులు, బుక్‌ఫెయిర్లు

1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. అప్పటితో పోలిస్తే మన పని సుఖమైనదే. హైదరాబాద్‌లో కాచిగూడ నవోదయ, రెండు రాష్ట్రాల్లో కలిపి విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవతెలంగాణ షాపులు, ఆన్‌లైన్‌లో లోగిలి లాంటివి ఉన్నాయి. ఒక్కో చోటికి మొదట పది కాపీలు ఇవ్వండి. ఎన్ని ఇచ్చారో, కమీషన్ ఎంతో, లెక్క ఎన్ని నెలలకు చూస్తారో రాసి సంతకం తీసుకోండి. 35 నుంచి 50 శాతం దాకా అడుగుతారు. అంత కమీషనా అని బాధపడొద్దు, అద్దె, కరెంటు బిల్లు, అమ్ముడుపోని మిగతా పుస్తకాల భారం కూడా అందులోనే ఉన్నాయి. మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి చూడండి. పుస్తకం కట్ట విప్పకుండా బీరువా వెనక ఉండొచ్చు. అక్కడ కౌంటర్‌లో కూర్చునే మనిషితో స్నేహం చేయండి, ఆయనకు ఒక కాపీ చదవడానికి ఇవ్వండి. 'కొత్త కథలేమైనా ఉన్నాయా?' అని అడిగే పాఠకుడికి ఏ పుస్తకం చూపించాలో నిర్ణయించేది ఆయనే.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరు రెండో సగంలో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. వీలైతే మీ పుస్తకం నవంబరు చివరికి చేతికొచ్చేలా చూసుకోండి. ఒక్క పుస్తకానికి సొంత స్టాల్ తీసుకోవడం దండగ. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోవచ్చు, లేదా ఏదైనా ప్రచురణ సంస్థ స్టాల్లో పెట్టమని అడగొచ్చు. రచయితలు సొంత పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు ఇస్తారేమో నిర్వాహకులను నెల ముందే కనుక్కోండి. స్టాల్లో ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని ఫోన్ చూడొద్దు. పుస్తకం చేతిలోకి తీసుకున్న మనిషితో వెంటనే మాట కలపొద్దు కూడా. ఒక పేజీ చదవనివ్వండి. తలెత్తి చూసినప్పుడు 'ఏ ఊరండీ మీది?' అని అడగండి. అక్కడి నుంచి మాటలు వాటంతటవే వస్తాయి, మీ నోటుబుక్కులో ఒక పేరు చేరుతుంది.

11. ఆడియో, ఈబుక్, విదేశాల్లో పాఠకులు

అమెరికాలో ఉన్న తెలుగు పాఠకుడికి పోస్టు ఖర్చు పుస్తకం వెలకంటే ఎక్కువవుతుంది. వాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఇక్కడి చిరునామాకు తెప్పించుకుంటారు. అందుకే ఆర్డరు ఫారంలో 'ఇండియాలో మీ ఇంటి చిరునామా' అని ఒక గడి పెట్టండి. తానా, ఆటా లాంటి సంఘాల మహాసభలకు వెళ్తున్న మిత్రుడు సూట్‌కేసులో ఐదు కాపీలు పెట్టుకుంటానంటే సంతోషంగా ఇవ్వండి. ఈబుక్ వేయాలనుకుంటే, ఆ వేదిక తెలుగును తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. అమెజాన్ కిండిల్ 2016లో ఐదు భారతీయ భాషలను చేర్చినప్పుడు తెలుగు అందులో లేదు.

వినేవాళ్లు మాత్రం బాగా పెరిగారు. దాసుభాషితం లాంటి ఆడియో యాప్‌లు, హర్షణీయం లాంటి పాడ్‌కాస్ట్‌లు తెలుగు సాహిత్యాన్ని వినిపిస్తున్నాయి. సంపుటిలోంచి ఒక కథ చదవడానికి ఇస్తే పుస్తకానికి మంచిదే. యూట్యూబ్‌లో ఎవరైనా మీ కథ చదువుతామని అడిగితే మాత్రం నోటిమాటతో సరే అనొద్దు. ఏ కథ, ఎంతకాలానికి, డబ్బు ఉందా లేదా, మీ పేరు, పుస్తకం దొరికే చోటు చెబుతారా అన్నది మెయిల్‌లో రాయించుకోండి.

హక్కుల గురించి చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని ఉండటం మంచిది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా సరే. మీ తర్వాత అరవై ఏళ్లు మీ వారసులది. హక్కులు ఎవరికైనా రాసిచ్చినప్పుడు కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు, అది రద్దయినట్టే. ప్రచురణకర్త కాగితం మీద 'సర్వహక్కులు' అని ఉంటే ఆ ఒక్క మాట దగ్గర ఆగి, ముద్రణ, ఆడియో, అనువాదం, సినిమా వేటికవి విడిగా రాయమనండి. మంచి ప్రచురణకర్తలు దీనికి నొచ్చుకోరు.

12. ఆరు నెలల తర్వాత

సందడంతా తగ్గాక ఒక సాయంత్రం లెక్క చూసుకోండి. నేరుగా ఎన్ని, షాపుల్లో ఎన్ని, ప్రదర్శనలో ఎన్ని, ఉచితంగా ఎన్ని పోయాయో విడివిడిగా రాయండి. తర్వాతి పుస్తకానికి డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ నాలుగు అంకెలే చెబుతాయి.

మిగిలిన కాపీలను తూకానికి వేయకండి. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల సెస్సు వస్తుంది. పుస్తకాల కొనుగోలుకు దరఖాస్తులు పిలిచినప్పుడు పెట్టుకోండి. ఆ పిలుపు ఎప్పుడొస్తుందో కాస్త కనిపెట్టి ఉండాలి, బిల్లు రావడానికి ఓపిక కావాలి. సర్కారు బడుల లైబ్రరీలకు కొన్ని ఊరికే ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు హెడ్‌మాస్టర్‌కు అప్పజెప్పి రాకుండా, తొమ్మిదో తరగతిలో ఒక కథ చదివి వినిపించి రండి.

కాపీలన్నీ అయిపోతే రెండో ముద్రణకు తొందరపడే ముందు, దొరకడం లేదని అడిగినవాళ్ల పేర్లు రాసుకుంటూ వెళ్లండి. అవి యాభై దాటితే వంద కాపీలు వేయించండి. పాఠకులు ఫోన్‌లో చెప్పిన అచ్చుతప్పులన్నీ ముందే ఒక కాపీ మీద ఎర్రపెన్నుతో దిద్ది ఉంచుకోవాలి, డీటీపీ వాళ్లకు ఇచ్చేది ఆ కాపీనే. తప్పులు దిద్దడం వరకే అయితే పాత ఐఎస్‌బీఎన్ నంబరే సరిపోతుంది. కొత్త కథలు చేరిస్తే అది కొత్త ఎడిషన్, కొత్త నంబరు తీసుకోవాలి. ఇంప్రింట్ పేజీలో మొదటి ముద్రణ తేదీ తీసేయకుండా, దాని కింద 'ద్వితీయ ముద్రణ' అని నెల, సంవత్సరం వేయించండి.